పుంలింగం లేని మాట

మా మేనత్త బెంగుళూరు పేటలో, బళేపేట దగ్గర కాపురం ఉండేది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు గడిచినా ఆవిడ కడుపు పండలేదు. మొదట మంత్రసానికి చూపించారు, తర్వాత నాటువైద్యుడి లేహ్యాలు మింగించారు. ఆ తర్వాత దొడ్డబళ్ళాపురం దగ్గరి ఘాటి సుబ్రహ్మణ్యంలో నాగప్రతిష్ఠ చేయించారు. చివరికి మామయ్యకు రెండో పెళ్ళి చేశారు. పిల్లను వెతికి తెచ్చింది మా మేనత్తేనట. ఆ రెండో ఆవిడకూ పిల్లలు కలగలేదు. అప్పటినుంచి ఇంట్లో "ఇద్దరూ గొడ్రాళ్ళే" అనటం మొదలైంది. వాళ్ళది వ్యాపారుల ఇల్లు. అణాపైసలతో సహా నోటిలెక్క కట్టేవాళ్ళు. ఈ ఒక్క లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

చిన్నప్పుడు బళ్ళో రుగాగమ సంధి చదివినవారికి పేదాది శబ్దాలు గుర్తుండే ఉంటాయి. పేద, బీద, మనుమ, గొడ్డు మొదలైన మాటలకు "ఆలు" చేరితే మధ్యలో రేఫ వచ్చి పడుతుంది. పేదరాలికి పేదవాడున్నాడు, మనుమరాలికి మనుమడున్నాడు. గొడ్రాలికి మాత్రం నిత్యవ్యవహారంలో జోడీ లేడు. మన చుట్టూ వినపడే కన్నడంలోనూ "బంజె" అంటే ఆడదే. పిల్లల్లేని మగవాణ్ణి అపుత్రకుడంటాం, నిస్సంతు అంటాం. ఆ మాటలు అతనికి లేనిదేమిటో చెబుతాయి గాని లోపం అతనిలో ఉందని చెప్పవు. నపుంసకుడు అన్న మాట ఉంది కదా అంటారేమో, అది వేరే సంగతి. దాంపత్యానికి ఏ లోటూ లేని మనిషి వీర్యంలో ఒక్క కణమైనా లేకపోవచ్చు. పైకి ఏమీ తెలియదు. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లనే మగవాళ్ళు పరీక్ష పేరెత్తితే ఉలిక్కిపడతారు.

మన ప్రాచీన వైద్యులకు ఈ తేడా తెలియకపోలేదు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో రెండో అధ్యాయం పేరే శుక్రశోణిత శుద్ధి. అంటే ఇద్దరి దోషాలనూ ఒకేచోట విచారించారు. గర్భానికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అని నాలుగు కావాలన్నారు. విత్తనం పుచ్చిపోతే పొలాన్ని తిట్టి ఏం లాభమని ఏ రైతునడిగినా చెబుతాడు. శాస్త్రంలో ఉన్న ఈ విత్తనం సంగతి వంటింటిదాకా ఎందుకు రాలేదో ఆలోచించవలసిందే.

పురాణాలు కూడా ఒకవిధంగా మనకంటే నయం. ప్రతి చైత్ర పౌర్ణమికి బెంగుళూరు తిగళరపేటలో ధర్మరాయస్వామి గుడినుంచి కరగ బయలుదేరుతుంది. ఆ ధర్మరాయుడూ, ఆయన తమ్ముళ్ళూ పాండురాజుకు పుట్టినవారు కారు. తనవల్ల కాదని పాండురాజే కుంతికి చెప్పి, మరో దారి చూడమన్నాడు. కారణానికి శాపమని పేరు పెట్టినా, ఆ మాట మగవాడి నోటినుంచే వచ్చింది. మా మామయ్య ఏటా కరగ చూసేవాడు.

శాపం అంటే మైసూరు గుర్తుకొస్తుంది. 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నాన్ని తీసుకున్నప్పుడు విజయనగర రాజప్రతినిధి భార్య అలమేలమ్మ మైసూరు రాజులకు పిల్లలు కలగకూడదని శపించి కావేరిలో దూకిందని కథ. ఇక్కడ కూడా చూడండి, రాజులకు సంతానం లేకపోతే అందుకు కారణం ఒక ఆడదాని నోరే. కథను పక్కన పెడితే చరిత్ర మిగులుతుంది. మూడవ కృష్ణరాజ ఒడెయరుకు వారసుడైన కొడుకు లేడు. డల్హౌసీ కాలంలో దత్తతలను కాదని సతారా, ఝాన్సీ కలిపేసుకున్న సర్కారు అది. ముసలిరాజు 1865లో చామరాజేంద్రుణ్ణి దత్తత తీసుకుంటే ఇంగ్లీషువాళ్ళు మొదట ఒప్పుకోలేదు. 1867లో గాని అంగీకరించలేదు. ఒక పసివాడు దొరకటం, దొరకకపోవటం మీద ఒక రాజ్యం వేలాడింది. నాలుగవ కృష్ణరాజ ఒడెయరుకూ సంతానం లేదు. 1940లో తమ్ముడి కొడుకు గద్దె ఎక్కాడు. విచిత్రమేమిటంటే, 1930లో ప్రభుత్వ ఆసుపత్రులలో సంతాన నిరోధక క్లినిక్కులు తెరిపించింది ఈ రాజుగారి ప్రభుత్వమే. ప్రపంచంలో అలాంటి సర్కారీ క్లినిక్కులలో అవే మొదటివని చెబుతారు.

ఇక కంటికి కనపడే సాక్ష్యం సంగతి. 1677లో హాలండులోని డెల్ఫ్ట్ పట్నంలో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తాను అరగదీసిన గాజుబిళ్ళలోంచి వీర్యకణాలను చూసి, లండన్ రాయల్ సొసైటీకి జాబు రాశాడు. చూడటానికీ లెక్కపెట్టటానికీ మధ్య రెండున్నర శతాబ్దాలు పట్టింది. 1929లో బోస్టన్‌లో మేకంబర్, సాండర్స్ అనే ఇద్దరు మిల్లీలీటరుకు 6 కోట్ల కణాలు ఉండాలన్నారు. 1951లో న్యూయార్క్‌లో మెక్లియోడ్, గోల్డ్ 2 కోట్లు చాలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2010లో కోటిన్నర చేసింది. 2021లో కోటీ 60 లక్షలు అంది. ఇది పరీక్షలో పాస్‌మార్కు వంటిది కాదు. ఏడాదిలోపు తండ్రులైన మగవాళ్ళను వరసగా నిలబెడితే, వారిలో అట్టడుగున ఉన్న నూటికి ఐదుగురి సంఖ్య దానికంటే తక్కువ ఉంటుందని మాత్రమే అర్థం. వాళ్ళూ తండ్రులైనవాళ్ళే. పిల్లల్లేని జంటల్లో దాదాపు సగం విషయంలో మగవాడి వైపు కూడా ఏదో లోపం కనిపిస్తుందని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. వీర్యకోశం చుట్టూ ఉబ్బిన నరాలు, ఎదిగాక వచ్చిన గవదబిళ్ళలు, జన్యువులు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. కొన్నిటికి చికిత్స ఉంది. పరీక్షకు పట్టేది ఒక్క పూట.

మా మేనత్త ఇంటికి కొద్దిమైళ్ళ దూరంలోనే టాటా ఇన్‌స్టిట్యూట్ అని మనం పిలుచుకునే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఉంది. అక్కడ ప్రొఫెసర్ ఎన్.ఆర్. ముద్గల్ చాలా ఏళ్ళు కోతులమీద పనిచేశారు. మన గుళ్ళ దగ్గర కొబ్బరిచిప్పలు లాక్కునే ఆ మామూలు కోతులే. మెదడు కింది గ్రంథి వదిలే ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోనును టీకాతో అడ్డగిస్తే మగకోతుల్లో వీర్యకణాల సంఖ్య పడిపోయింది, అవి పిల్లల్ని కనలేకపోయాయి. మగతనాన్ని నిలిపే టెస్టోస్టెరాన్ మాత్రం తగ్గలేదు. టీకా ఆపితే సంఖ్య మళ్ళీ పెరిగింది. కొద్దిమంది మగవాళ్ళమీద జరిపిన ప్రయోగ ఫలితాలు 1997లో వెలువడ్డాయి. ఆయన వెతికింది మగవాళ్ళకు గర్భనిరోధక సాధనం. నాకు అందులో తోచింది మరొకటి. కణాలు వేరు, మగతనం వేరు అని మా పేటకు కూతవేటు దూరంలో కోతులు రుజువు చేశాయి.

1992లో బ్రస్సెల్స్ వైద్యులు ఒక్క వీర్యకణాన్ని సన్నని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతి ప్రకటించాక కథ మారింది. ఇక్సీ అంటారు దాన్ని. ఈనాడు బెంగుళూరులో పెద్ద వీధికొక క్లినిక్ ఉంది. కణాలు కొద్దిగా ఉన్నవాడూ తండ్రి కావచ్చు. అయితే అండాలు పెంచటానికి రోజూ ఇంజెక్షన్లు పొడిపించుకునేదీ, మత్తులో అండాలు తీయించుకునేదీ భార్యే. లోపం ఆయనది, మందు ఆవిడకు. మరొక చిక్కు కూడా ఉంది. హైదరాబాదు సీసీఎంబీలో తంగరాజ్, లాల్జీసింగ్ బృందం వీర్యకణాలే లేని 340 మందిని పరీక్షించి, 29 మందిలో వై క్రోమోజోములో ముక్కలు ఊడిపోయి ఉన్నాయని 2003లో ప్రకటించింది. వై తండ్రినుంచి కొడుక్కే పోతుంది. ఇలాంటి ఊడిన వై ఉన్నా కొద్దిపాటి కణాలు మిగిలినవారికి సూదితో కొడుకు పుడితే, ఆస్తితోపాటు అదీ సంక్రమిస్తుంది.

పోయిన సంక్రాంతి తర్వాత ఘాటికి వెళ్ళాను. పసుపు పూసిన నాగరాళ్ళు వందల కొద్దీ ఉన్నాయి. మా మేనత్త పెట్టించిన రాయి పక్కనే రెండో అత్త కూడా ఒకటి పెట్టించిందని నాన్న చెప్పేవారు. పాలూ కుంకుమా పేరుకుని రాళ్ళన్నీ ఒకటిగానే ఉన్నాయి, గుర్తుపట్టలేకపోయాను. ఒక అమ్మాయి తడిబట్టలతో ప్రదక్షిణాలు చేస్తోంది. భర్త చెప్పుల దగ్గర కూర్చుని ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.