మాయ చెప్పే సాక్ష్యం



“ఏడో నెల పడినా కడుపు కనబడదేమిటమ్మా?” అని గర్భిణిని ఇరుగుపొరుగు అడగడం మీరూ వినే ఉంటారు. కొందరిలో అది ఒంటి తీరు మాత్రమే. మరికొందరిలో లోపలి బిడ్డ నెలలకు తగ్గట్టు ఎదగడం లేదన్నమాట. ఏది ఏదో తెలిసేదెట్లా? ఇరవయ్యో శతాబ్దపు వైద్యులు ఈ ప్రశ్నకు జవాబును చాలాకాలం హార్మోనుల్లో వెతికారు.

బిడ్డకు ఆహారమూ ప్రాణవాయువూ అందించేది మాయ. కాన్పయ్యాక పాతిపెట్టే వస్తువుగానే మనకు తెలిసిన ఈ మాయ, కడుపులో ఉన్నన్నాళ్లూ హార్మోనులు కూడా తయారుచేస్తుంది. బోస్టన్ నగరంలో ఆలివ్ స్మిత్, జార్జ్ స్మిత్ అనే దంపతులు, రక్తపోటు పెరిగి ప్రమాదంలో పడే గర్భిణుల్లో ఈ హార్మోనులు తగ్గడం గమనించారు. గమనిక మంచిదే. అయితే తగ్గినదాన్ని మందుతో పెంచుదామన్నారు. చిక్కు అక్కడే వచ్చింది. మార్కుల రిజిస్టరులో అంకె దిద్దితే పిల్లవాడికి లెక్కలు వచ్చేస్తాయా?

ఆ మందు పేరు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్. 1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసిన కృత్రిమ హార్మోను. ధర చవక. 1940ల చివరినుంచి అమెరికాలో లక్షలమంది గర్భిణులు దీన్ని మింగారు. దీనివల్ల బిడ్డ ఇంకా పెద్దగా, బలంగా పుడుతుందని ప్రకటనలు కూడా వచ్చాయి. 1953లో షికాగోలో డీక్‌మన్ అనే వైద్యుడు సుమారు 1,600 మంది గర్భిణుల్లో సగంమందికి ఈ మందు, సగంమందికి ఉత్త మాత్ర ఇచ్చి చూశాడు. గర్భస్రావాలు తగ్గలేదు, బిడ్డ బరువూ పెరగలేదు. అయినా వాడకం ఆగలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఈ పద్దెనిమిదేళ్ల ఆలస్యమే.

1971లో, అదే బోస్టన్‌లో, హెర్బ్‌స్ట్ మరియు ఆయన సహచరులు ఎనిమిదిమంది పడుచుపిల్లలకు అరుదైన యోని క్యాన్సర్ వచ్చిందని ప్రకటించారు. వారిలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉండగా ఈ మందు వాడినవారు. ఆ ఏడే గర్భిణులకు ఇవ్వరాదని అమెరికా ప్రభుత్వం హెచ్చరించింది.

హార్మోను కొలతకు మరో దారి కూడా ఉంది. అది ఈస్ట్రియాల్. దీన్ని తయారుచేయడానికి బిడ్డ, మాయ ఇద్దరూ పనిచేయాలి. బిడ్డ గ్రంథులు ముడిసరుకు పంపితే మాయ దాన్ని పూర్తిచేస్తుంది. కనుక ఇది తగ్గితే లోపల ఇబ్బంది ఉన్నట్టేనని 1960లలో, 70లలో గర్భిణులచేత ఇరవైనాలుగు గంటల మూత్రం సీసాల్లో పట్టించి కొలిచేవారు. కాని ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ అంకె రోజురోజుకూ మారేది. 1976లో అమెరికాలో 622 మందిపై చేసిన పరీక్షలో, ఈ కొలత తెలిసినంత మాత్రాన బిడ్డలకు అదనపు మేలు కనిపించలేదు.

ఈలోగా మరొక పనిముట్టు వచ్చింది. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ 1958లో అల్ట్రాసౌండ్ చిత్రాలు ప్రచురించాడు. బిడ్డనే నేరుగా కొలవగలిగాక, బొడ్డుతాడులో రక్తప్రవాహమూ చూడగలిగాక, ఈస్ట్రియాల్ సీసాలు మూలపడ్డాయి. కొన్ని నిర్దిష్ట కారణాలకు డాక్టర్లు ఇప్పటికీ ప్రొజెస్టెరాన్ రాస్తారు. అది వేరే సంగతి, మీ అంతట మీరు మానకండి. ఎదగని బిడ్డను హార్మోను మాత్రతో ఎదిగించే వైద్యం మాత్రం ఈనాటికీ లేదు. జాగ్రత్తగా గమనిస్తూ, సరైన సమయానికి కాన్పు చేయించడమే ముఖ్యమైన ఉపాయం.

గమనించడమంటే ఒక్కసారి కొలవడం కాదు. నర్సమ్మ టేపుతో కడుపు కొలిచిన అంకె, కిందటి నెల అంకెతో పోల్చినప్పుడే మాట్లాడుతుంది. మన సరిహద్దు ఊళ్లలో మెట్టినిల్లు ఒక రాష్ట్రం, తొలి కాన్పుకు వెళ్లే పుట్టినిల్లు ఇంకో రాష్ట్రం. కార్డు అత్తగారింట బీరువాలో ఉండిపోతే, అక్కడి డాక్టరు మొదటినుంచి మొదలుపెట్టాలి. కర్ణాటకలో దాన్ని తాయి కార్డు అంటారు, మరోచోట మరోపేరు. చీరెలతోపాటు దాన్నీ, స్కానింగు కాగితాలనూ సంచిలో పెట్టి పంపండి. రాసింది ఏ భాషలో ఉన్నా అంకెలు అందరికీ అర్థమవుతాయి.