మూడు కాళ్ళ కుందేలు: హైదరాబాదు క్లోరోఫారం కథ

వైద్యచరిత్రలో సికిందరాబాదు అనగానే అందరికీ గుర్తుకు వచ్చే పేరు రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని ఆయన కనుగొన్నది ఇక్కడే కనుక ఆ కీర్తి న్యాయమైనదే. అయితే అంతకు ఎనిమిదేళ్ళ ముందే ఈ జంటనగరాల పేరు లండను వైద్యపత్రికలలో మారుమోగిపోయింది. నిజాం ఖజానా డబ్బుతో, నిజాం కొలువులోని వైద్యుల చేతులమీదుగా, మత్తుమందు గురించి ప్రపంచమంతా వాదులాడుకున్న ప్రయోగాలు జరిగాయి. వాటి పేరు హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు. ఆ కథ మనవాళ్ళలో వైద్యవిద్యార్థులకు తప్ప ఇతరులకు అంతగా తెలియదు.

నాకు ఆ కథ మీద ఆసక్తి కలగడానికి కారణం ఒక కుందేలు. మౌలాలి హౌసింగు బోర్డు కాలనీలో మా ఇంట రెండు చెవులపిల్లులు ఉన్నాయి. ఆడది తెల్లనిది, పేరు మల్లి. మగవాడు గోధుమవన్నె వాడు, పేరు బెల్లం. రెండూ జతకట్టిన జంట. ఒకదాని తల మరొకటి నాకకుండా, ఒకే గరికపోచను చెరొక కొసనుంచి కొరకకుండా వాటికి పొద్దు గడవదు. మల్లికి గర్భసంచీ అండాశయాలూ తీసివేసే శస్త్రచికిత్స, అంటే పెంపుడుజంతువుల వాళ్ళు వాడుకలో స్పే అనేది, చేయించవలసి వచ్చినప్పుడు నేను వైద్యురాలిని అడిగిన మొదటి ప్రశ్న “మత్తుకు తట్టుకుంటుందా?” అని. ఆ ప్రశ్న వయస్సు నూట డెబ్బయి ఏళ్ళకు పైమాటే అని తరువాత చదువుకుంటే తెలిసింది.

ఆదినుంచి చెప్పుకుంటే, 1846 అక్టోబరులో బోస్టను నగరంలో ఈథరు మత్తుతో శస్త్రచికిత్స బహిరంగంగా చేసి చూపించారు. మరుసటి ఏడు నవంబరులో ఎడింబరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సను క్లోరోఫారాన్ని తన మీదా, తన మిత్రుల మీదా ప్రయోగించి, లోకానికి ప్రకటించాడు. ఈ సింప్సను సాహసి. ఏ కొత్త ద్రవం కనబడినా ముందు తానే పీల్చి చూసేవాడు. అలా ఒక ద్రవాన్ని అడిగినప్పుడు, రసాయనశాస్త్రజ్ఞుడు లియాన్ ప్లేఫెయిర్ ముందు కుందేళ్ళ మీద చూద్దామని పట్టుబట్టాడట. రెండు కుందేళ్ళకు పట్టారు. చక్కగా మత్తులోకి జారి, చక్కగా లేచాయి. ఇక నా వంతు అన్నాడు సింప్సను. తెల్లవారే దాకా ఆగమన్నారు. తెల్లవారేసరికి రెండు కుందేళ్ళూ చచ్చిపడి ఉన్నాయి. ప్లేఫెయిర్ చెప్పుకున్న ఈ జ్ఞాపకాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలని మనవి. మత్తునుంచి లేవడం వేరు, బ్రతికి బయటపడడం వేరు అని ఆ రెండు కుందేళ్ళు ఆనాడే చెప్పాయి. ఆ మాట అర్థమవడానికి మనకు చాలాకాలం పట్టింది.

క్లోరోఫారం ప్రకటించి మూడు నెలలైనా గడవకుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి వెళ్ళి ఆ మత్తులోనే మరణించింది. నాటినుంచి ఒకే వివాదం: క్లోరోఫారం చంపేది ఊపిరిని ఆపా, గుండెను ఆపా? లండను వైద్యులు నాడి మీద వేలు పెట్టుకుని మత్తు ఇచ్చేవారు. ఎడింబరో వైద్యులు, ముఖ్యంగా జేమ్స్ సైమ్ శిష్యులు, నాడి జోలికి పోకుండా ఊపిరినే కనిపెట్టి ఉండేవారు. ఆ సైమ్ శిష్యులలో ఒకడు ఎడ్వర్డ్ లారీ. ఈయన 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు, ఇక్కడి వైద్యపాఠశాల బాధ్యతా చేపట్టాడు.

మన భాషలో ఒక సామెత ఉంది కదా, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని. లారీ అచ్చంగా ఆ బాపతు మనిషి. క్లోరోఫారం గుండె జోలికి పోదు, ఊపిరిని చూసుకుంటూ ఇస్తే ఎవరూ చావరు అన్నది ఆయన పట్టిన కుందేలు. దానిని ఋజువు చేయడానికి 1888లో మొదటి కమిషను ఏర్పాటైంది. వీధికుక్కలకు ప్రాణం పోయేదాకా క్లోరోఫారం పట్టి, ముందు ఏది ఆగుతుందో చూశారు. ప్రతిసారీ ముందు ఊపిరే ఆగింది అని తేల్చారు. లండనులోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వేయి పౌన్లు ఇచ్చి, మీరే ఒక నిపుణుణ్ణి పంపండి అంది. లాన్సెట్ పంపినవాడు సామాన్యుడు కాడు. గుండెనొప్పికి ఎమిల్ నైట్రైటు వాడవచ్చునని 1867లోనే కనిపెట్టిన థామస్ లాడర్ బ్రంటన్. పైగా క్లోరోఫారం గుండెను ఆపగలదని అప్పటికి నమ్మినవాడు.

1889 చివరి నెలలలో రెండవ కమిషను పని సాగింది. రక్తపోటును గీతలుగా గీసే యంత్రాలు తెచ్చారు. ఆ గీతలన్నిటికీ ఛాయాచిత్రాలు తీశారు. బ్రంటన్ లండనుకు పంపిన తంతి సారాంశం ఇది: నాలుగువందల తొంభై కుక్కలు, గుఱ్ఱాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళ మీద ప్రయోగించాము, ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్లా, మందు మోతాదు మించడం వల్లా వచ్చేదే, గుండెకు నేరుగా ఏ ప్రమాదమూ లేదు. వాదించడానికి వచ్చినవాడే లారీ పక్షం చేరిపోయాడన్నమాట. 1890లో నివేదిక లాన్సెట్‌లో వెలువడింది.

ఈ పాఠశాలలో తయారైనవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ మహిళ ఉన్నారు. 1885లో అక్కడ చేరిన తొలి విద్యార్థినులలో ఒకరు. క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరి, ఆపైన ఎడింబరో వెళ్ళి చదివి వచ్చి, హైదరాబాదు ఆసుపత్రులలో ఏళ్ళ తరబడి పని చేశారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను చెప్పుకుంటారు. లారీ పట్టుదలలో మంచి ఏదైనా మిగిలిందంటే, మత్తు ఇచ్చేవారి చూపు కత్తి మీద కాక రోగి ఊపిరి మీద ఉండాలన్న శిక్షణ.

ఇంతకీ కుందేటి నాలుగో కాలు ఏమైంది? 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు దానిని చూపించాడు. పిల్లుల మీద చేసిన ప్రయోగాలలో, క్లోరోఫారం ఎక్కువైనప్పుడు కాదు, తక్కువగా ఉన్నప్పుడు, అంటే మత్తు సగం పట్టి సగం పట్టని స్థితిలో, ఎడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి గిలగిలలాడి ఠక్కున ఆగిపోతుందని తేల్చాడు. ఎడ్రినలిన్ అంటే భయపడినప్పుడు ఒంట్లో ఊరే రసమే. కాలిగోరుకోసం వచ్చిన ఆ పిల్ల వంటివారు బలమైన మోతాదు వల్ల కాక, బెదిరిన గుండెతో, అరకొర మత్తులో పోయి ఉండవచ్చునన్న ఆలోచనకు దారి ఏర్పడింది. నాలుగువందల తొంభై ప్రాణులు ప్రయోగంలో పడినా ఈ సంగతి హైదరాబాదులో కనబడకపోవడానికి కారణం, అక్కడ అడిగిన ప్రశ్న “ఎంత మందుకు చస్తుంది?” అన్నది కావడమే. భయపడుతున్న ప్రాణి సంగతి ఎవరూ అడగలేదు.

ఇక్కడికి వచ్చేసరికి మా మల్లి సంగతి మళ్ళీ చెప్పక తప్పదు.

అసలు ఈ శస్త్రచికిత్స ఎందుకంటే, ఆడకుందేళ్ళకు వయసు మీరేకొద్దీ గర్భసంచిలో కాన్సరు రావడం చాలా ఎక్కువ. 1930లలో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థ కుందేళ్ళ మందలో హ్యారీ గ్రీన్ దీనిని పరిశీలించాడు. నాలుగేళ్ళు దాటిన వాటిలో సగానికి మించి కూడా దీని బారిన పడవచ్చునని తరువాతి లెక్కలు చెప్పాయి. కుందేటి అండాశయానికి వైద్యచరిత్రలో మరొక చోటూ ఉంది. 1931లో ఫ్రీడ్మన్, లాఫమ్ అనేవారు స్త్రీ గర్భం దాల్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ప్రవేశపెట్టారు. ఆమె మూత్రాన్ని ఆడకుందేలుకు సూదిద్వారా ఎక్కించి, రెండురోజుల తరువాత దాని పొట్ట కోసి అండాశయాన్ని చూసేవారు. జవాబు అవునైనా కాదైనా కుందేలు చనిపోయేది. ఇలా ఎందరో తల్లులకు శుభవార్త మోసిన అండాశయాన్నే ఇప్పుడు ఒక కుందేటి మేలుకోసం తీయించబోతున్నాము అన్న తలపు ఆ వారమంతా నన్ను విడిచిపెట్టలేదు.

వైద్యురాలు నా ప్రశ్నకు దాపరికం లేకుండా జవాబు చెప్పారు. “కుక్కా పిల్లీ అంత తేలిక కాదండీ, కానీ జాగ్రత్తగా చేస్తే భయపడనక్కరలేదు” అన్నారు. బ్రిటనులో బ్రోడ్‌బెల్ట్ బృందం 2008లో ప్రకటించిన పెద్ద అధ్యయనం లెక్కలు అలాగే ఉన్నాయి. మత్తు ఇచ్చినవాటిలో కుక్కలు 0.17 శాతం, పిల్లులు 0.24 శాతం మరణిస్తే, కుందేళ్ళు 1.39 శాతం. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళు మాత్రమే తీసుకుంటే 0.73 శాతం. అన్నిటికంటె నన్ను ఆపి చదివించిన సంగతి, ఆ మరణాలలో దాదాపు మూడింట రెండు వంతులు శస్త్రచికిత్స బల్ల మీద కాదు, అది ముగిసిన తరువాత జరిగినవే. ప్లేఫెయిర్ కుందేళ్ళు చెప్పిన మాట నూట అరవై ఏళ్ళకు అంకెలలోకి వచ్చిందన్నమాట.

శస్త్రచికిత్స 2022 డిసెంబరులో జరిగింది. మౌలాలి గుట్ట రాళ్ళు పగలు మింగిన ఎండను రాత్రంతా కక్కే వేసవిలో కుందేళ్ళకు మామూలు రోజే గండం కనుక చలికాలం దాకా ఆగాము. బెల్లానికి అంతకు రెండు నెలల ముందే విత్తులు తీయించాము. ఆ తరువాత కూడా కొన్ని వారాలపాటు మగకుందేటికి సంతానశక్తి మిగిలే ఉంటుందట. వైద్యురాలు పెట్టిన మొదటి షరతు వింతగా తోచింది: ఇద్దరినీ ఒకే బుట్టలో తీసుకురండి. ఆసుపత్రి వాసనతో ఒంటరిగా తిరిగివచ్చిన జోడీని కుందేలు గుర్తుపట్టక తరిమికొట్టవచ్చు, పైగా తోడుంటే బెదురు తగ్గుతుంది. రెండవ షరతు, పస్తు పెట్టవద్దు. కుందేటికి వాంతి చేసుకునే శక్తి లేదు, దాని పేగు ఆగితే ప్రాణమే ఆగుతుంది. మూడవది, ముక్కుకు నేరుగా మత్తువాయువు పెట్టరు. ఆ వాసనకు కుందేలు ఊపిరి బిగబడుతుంది, గుండె మందగిస్తుంది. ముందు సూదిమందుతో నెమ్మదిపరచి, ఆ తరువాతే ఐసోఫ్లూరేన్. ఇందులో లెవీ పాఠం ఉంది. ఊపిరిని లెక్కపెడుతూ పక్కనే ఒక మనిషి నిలబడి ఉండడంలో లారీ పాఠమూ ఉంది.

ఇంటికి తెచ్చిన తరువాత అసలు పని మొదలైంది. వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టాము. నొప్పి తగ్గే మందు వేళకు వేశాము, ఎందుకంటే నొప్పి ఉన్న కుందేలు తినదు, తినని కుందేటి పేగు కదలదు. సాయంత్రం గడిచినా మల్లి మూతి కదపలేదు. నానబెట్టిన దాణాను జావగా చేసి, సూదిలేని సిరంజితో చెంపపక్కనుంచి కొద్దికొద్దిగా పట్టాము. మా అమ్మ రాత్రంతా కూర్చుని, “పసిపిల్ల బాలింత అయినట్టుందిరా” అంటూ కొత్తిమీర రెబ్బలు ముక్కు దగ్గర పెట్టి చూసింది. పుట్టి బుద్ధెరిగినాక పెంటికలకోసం అంతగా ఎదురుచూస్తానని నేను అనుకోలేదు. బెల్లం మాత్రం ఎవరు పిలిచినా కదలలేదు. మల్లి వీపుకు ఆనుకుని పడుకుని, ఉండి ఉండి దాని చెవులు నాకుతూ ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగు గంటలవేళ వాడు గరిక నములుతుంటే, ఆ చప్పుడు విని మల్లి తల ఎత్తి, వాడి మూతిలోని పోచ రెండో కొస అందుకుంది. ఆరు గంటలకు చిన్నవీ, గట్టివీ నాలుగు పెంటికలు. మా అమ్మ లెక్కపెట్టి మరీ చూపించింది. పది రోజులు గెంతనీయకుండా కాపాడాము, కుట్లు మానిపోయాయి.

మా మౌలాలికి పొరుగునే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దేశంలోని పరిశోధనశాలలకు ప్రయోగజంతువులను పెంచి ఇచ్చే కేంద్రం దశాబ్దాలపాటు అక్కడే నడిచింది. 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది, దానికింద ప్రయోగాల మీద పర్యవేక్షణ ఏర్పడింది. 2014లో సౌందర్యసాధనాలకోసం జంతువుల మీద పరీక్షలను మన దేశం నిషేధించింది. కుందేటి కంటిలో రసాయనాలు వేసి చూసే పద్ధతికి 1944నుంచి ఉన్న పెద్ద చరిత్రను బట్టి చూస్తే ఇది చిన్న మార్పు కాదు. అయినా వైద్యపరిశోధనకు జంతువులు నేటికీ అవసరపడుతూనే ఉన్నాయి. ఆ ఋణాన్ని కాదనడం సులువు, అయితే అది నిజాయితీ కాదు. మా మల్లికి ఎంత మందు ఎక్కించవచ్చునో, ఏ వేగంతో ఊపిరి తీస్తే భయం లేదో తెలిసినది, ఎన్నో తరాల కుందేళ్ళు ఆ హద్దు దాటి వెనక్కు రాకపోవడం వల్లనే.

బ్రంటన్ తంతిలో జంతువుల జాబితా కుక్కలతో మొదలై కుందేళ్ళతో ముగుస్తుంది. వాటికి పేర్లు లేవు, వాటి పక్కన పడుకున్న జోడు ఉందో లేదో ఎవరూ వ్రాసిపెట్టలేదు. లారీ పేరు, బ్రంటన్ పేరు, వేయి పౌన్లు ఇచ్చిన నిజాం పేరు చరిత్రలో నిలిచాయి, నిలవవలసినవే. జంటనగరాల వైద్యచరిత్ర ఎవరైనా మళ్ళీ వ్రాస్తే, ఆ తంతిలోని చివరిమాటకు కూడా ఒక పుట కేటాయించాలని నా కోరిక. మీలో ఎవరి ఇంటనైనా చెవులపిల్లికి ఈ శస్త్రచికిత్స జరగవలసి వస్తే, మత్తు దిగిందని విని నిద్రపోకండి. మర్నాటి ఉదయం పెంటికలు కనబడేదాకా దాని పక్కనే ఉండండి, దాని తోడును కూడా ఉండనివ్వండి.