చాక్లెట్‌లో వేరుశనగ జాడ.. ప్యాకెట్‌ చదివాకే నోటికి

అనంతపురం: వేరుశనగ లేని వంటిల్లు రాయలసీమలో అరుదు. ఇడ్లీలోకి చట్నీ, కూరల్లోకి పొడి, పిల్లలకు చిక్కీ.. అన్నింటా అదే. అందుకే ఇంట్లో ఒకరికి వేరుశనగ సరిపడదని వైద్యులు తేల్చినప్పుడు పెద్దలు ఒక పట్టాన నమ్మరు. నమ్మిన తరువాత చట్నీ, చిక్కీ మాన్పించి ఊరుకుంటారు. ప్రమాదం అక్కడితో తొలగిపోదు. పలుకు కంటికి కనిపించని పదార్థాల్లోనూ, ముఖ్యంగా చాక్లెట్‌లో, వేరుశనగ ఉండవచ్చు. అలాగని చాక్లెట్‌ను పూర్తిగా మానవలసిన అవసరమూ లేదు. ఏది తినవచ్చో, ఏది తినరాదో తేల్చేది రుచి కాదు. ప్యాకెట్‌పై ముద్రించిన రెండు మూడు వరుసలే.

కోకోతో చిక్కు లేదు

కోకోకు, వేరుశనగకు సంబంధం లేదు. కోకో చెట్టుకు కాసే కాయలోని గింజ. ఆంధ్రప్రదేశ్‌లో ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్‌ తోటల్లో అంతరపంటగా పండుతోంది. వేరుశనగ కంది, పెసర వంటి పప్పుజాతి పంట. సాదా చాక్లెట్‌లో ఉండేవి కోకో ముద్ద, కోకో వెన్న, చక్కెర, పాలపొడి, వీటిని కలిపి ఉంచే లెసిథిన్‌. ప్యాకెట్‌పై 322 అనే అంకెతో సూచించే ఈ లెసిథిన్‌ను తరచుగా సోయా నుంచి తీస్తారు. సోయా కూడా పప్పుజాతిదే అయినా, వేరుశనగ పడనివారిలో అత్యధికులకు దానితో ఇబ్బంది ఉండదు.

చేరే దారులు రెండు

వేరుశనగను నేరుగా కలిపి చేసే చాక్లెట్లు కొన్ని. స్నికర్స్‌ బార్లలో పలుకులు, రీసెస్‌ కప్పుల్లో వేరుశనగ వెన్న ఉంటాయి. వీటిని గుర్తించడం తేలిక. చిక్కంతా రెండో దారితోనే. ఒకే యంత్రంపై ఒక విడత వేరుశనగ బార్లు, మరో విడత సాదా చాక్లెట్‌ తయారుచేసే కర్మాగారాలు ఉన్నాయి. చాక్లెట్‌కు, నీటికి పొసగదు. కరిగిన చాక్లెట్‌కు కాస్త తడి తగిలినా గట్టిపడి పాడవుతుంది. యంత్రంలో తడి మిగిలితే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందువల్ల గొట్టాలను, తొట్లను విడత విడతకూ నీటితో కడగడం కుదరదు. గీకి తీయడం, కరిగిన చాక్లెట్‌నే లోపలికి పంపి పాత సరకును తోసివేయడం వంటి పద్ధతులు పాటిస్తారు. మూలల్లో మిగిలిన వేరుశనగ తుంపు తరువాతి విడతలో కలిసే వీలుంది. అది అన్ని బార్లలో సమానంగానూ ఉండదు. నిన్న తిన్న బార్‌ ఏమీ చేయలేదన్న మాట నేటి బార్‌కు హామీ కాదు.

ఒక వేరుశనగ పలుకులో సుమారు 250 మిల్లీగ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొందరికి అందులో నూరో వంతు చేరినా దద్దుర్లు, వాంతులు మొదలవుతాయి. అందరికీ ఇంత సున్నితత్వం ఉండదు. అయితే గతంలో లక్షణాలు స్వల్పంగా కనిపించినంత మాత్రాన ఇకమీదటా స్వల్పంగానే ఉంటాయని చెప్పలేం. ఉబ్బసం ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ.

చదవవలసిన మాటలు

మన దేశంలో ప్యాకెట్లపై తప్పనిసరి వివరాలను ఆంగ్లంలో లేదా దేవనాగరి లిపిలోని హిందీలో ముద్రిస్తారు. తెలుగు మాత్రమే వచ్చిన తల్లిదండ్రులు, అవ్వాతాతలు ఈ కొన్ని మాటలను గుర్తుపట్టేలా ఒక చీటీపై పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వడం మంచిది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్‌ నిబంధనల ప్రకారం వేరుశనగ ఉంటే ఆ విషయం విడిగా ప్రకటించాలి.

* ‘కంటెయిన్స్‌’ అన్న మాట పక్కన ‘పీనట్‌’ ఉంటే అందులో వేరుశనగ కలిసినట్లే. ‘గ్రౌండ్‌నట్‌’, ‘అరాచిస్‌’, హిందీలో ‘మూంగ్‌ఫలీ’ అన్నా అదే.

* ‘మే కంటెయిన్‌’ పక్కన ‘పీనట్‌’ ఉంటే యంత్రం ద్వారా కలిసే అవకాశం ఉందని అర్థం. కొత్తగా అలర్జీ బయటపడినవారు దీన్నీ ‘వద్దు’ అనే లెక్కించాలి.

* ‘ట్రీ నట్స్‌’ అంటే బాదం, జీడిపప్పు, పిస్తా, హేజెల్‌నట్‌ వంటివి. ఇవి వేరుశనగ కావు. కానీ వేరుశనగ పడనివారిలో కొందరికి ఇవీ పడవు. పరీక్షల్లో తేలేవరకు దూరంగా ఉంచాలి. ‘నట్స్‌’ అని మాత్రమే ఉంటే వేరుశనగ ఉన్నట్లే భావించాలి.

* ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లకు మించని చిన్న ప్యాకెట్లపై పదార్థాల జాబితా ముద్రించనక్కరలేదన్న మినహాయింపు ఉంది. ఆ జాబితా వాటిని నింపిన పెద్ద డబ్బాపై ఉంటుంది. రూపాయి, రెండు రూపాయల చాక్లెట్లు కొనేముందు దుకాణదారుని అడిగి ఆ డబ్బా చూడాలి.

ఒకే పేరుతో వచ్చే చాక్లెట్‌ చిన్న బార్‌ ఒకచోట, పెద్ద బార్‌ మరోచోట తయారు కావచ్చు. తయారీ విధానమూ మారుతుంటుంది. అందుకే కొనేటప్పుడు, ఇంట్లో సర్దేటప్పుడు, తినేముందు.. మూడుసార్లు చదవాలి.

ఊటీ నుంచి, అమెరికా నుంచి

విహారయాత్రకు వెళ్లినవారు ఊటీ నుంచి తెచ్చే ‘హోం మేడ్‌’ చాక్లెట్లను తరచుగా తూకం లెక్కన విడిగా అమ్ముతారు. పలుకులున్నవీ, లేనివీ ఒకే పళ్లెంలో, ఒకే గరిటెతో తీస్తే సాదా ముక్కకూ పొడి అంటుతుంది. బేకరీ చాక్లెట్‌ కేకులు, ఐస్‌క్రీంపై చల్లే పలుకులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. లేబుల్‌ లేని చాక్లెట్‌ను తినకపోవడమే మేలు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే చాక్లెట్ల విషయంలో మరో మెలిక ఉంది. అక్కడ 2004లో చేసిన చట్టం ప్రకారం పదార్థంగా కలిపిన వేరుశనగను ప్రకటించడం తప్పనిసరి. ‘మే కంటెయిన్‌’ హెచ్చరిక మాత్రం తయారీదారు ఇష్టం. కాబట్టి ఆ హెచ్చరిక లేనంత మాత్రాన వేరుశనగ జాడ లేదని అనుకోరాదు. వేరుశనగ వాడని కర్మాగారంలో తయారైనట్లు ప్యాకెట్‌పై స్పష్టంగా ఉన్నవి ఎంచుకోవచ్చు. లేదా తయారీ సంస్థను అడిగి తెలుసుకోవచ్చు.

బడిలో జాగ్రత్త

పుట్టినరోజున తరగతిలో చాక్లెట్లు పంచడం మామూలే. ఇంట్లో చదివి చూసిన చాక్లెట్లను కొన్ని ఉపాధ్యాయుల వద్ద ఉంచితే, ఆ రోజు బిడ్డ వెలితిగా కూర్చోనక్కరలేదు. 2020 నుంచి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు చిక్కీ కూడా చేరినందున అలర్జీ సంగతి ప్రధానోపాధ్యాయునికి, వంటవారికి రాతపూర్వకంగా తెలపాలి. చిక్కీ తిన్న చేతులను సబ్బు, నీటితో కడిగించాలి. శానిటైజర్‌ రాస్తే వేరుశనగ మాంసకృత్తులు పూర్తిగా పోవు.

లక్షణాలు కనిపిస్తే

తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు లక్షణాలు బయటపడతాయి. పెదవులు, నాలుక వాయడం, ఒంటిపై దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు సాధారణం. గొంతు బిగుసుకుపోవడం, బొంగురు గొంతు, పిల్లికూతలు, ఆయాసం, సొమ్మసిల్లడం ప్రాణాపాయ సూచనలు. ఆ స్థితిలో తొలి మందు అడ్రినలిన్‌ ఇంజెక్షన్‌. తొడ వెలుపలి వైపు కండరానికి వేస్తారు. అలర్జీ మాత్రలు దురదను తగ్గిస్తాయే తప్ప ఊపిరిని కాపాడలేవు. అడ్రినలిన్‌ను ఇంట్లో ఉంచుకోవాలా, ఎంత మోతాదు, ఎలా వేయాలి అన్నవి వైద్యుని వద్ద ముందే నేర్చుకోవాలి.

వెంటనే 108కు ఫోన్‌ చేయాలి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచాలి. ఊపిరాడక అవస్థపడుతుంటే కూర్చోనివ్వాలి. లేపి నడిపించరాదు. తగ్గినట్లు కనిపించినా కొన్ని గంటల తరువాత లక్షణాలు తిరగబెట్టే అవకాశం ఉన్నందున ఆసుపత్రి పరిశీలనలో ఉండటం అవసరం.

‘అలవాటు చేస్తే పోతుంది’ అనరాదు

కొద్దికొద్దిగా పెడితే అదే సర్దుకుంటుందని పెద్దలు చెప్పడం పరిపాటి. పసితనంలోనే వేరుశనగ రుచి చూపితే అలర్జీ రాకుండా చాలావరకు నివారించవచ్చని 640 మంది శిశువులపై జరిగిన అధ్యయనం 2015లో తేల్చిన మాట నిజమే. అది అలర్జీ రాకముందు సంగతి. వచ్చిన తరువాత కొలత ప్రకారం అలవాటు చేసే చికిత్స ఉన్నా, నిపుణుల పర్యవేక్షణలోనే జరగాలి. ఇంట్లో చేసే ప్రయోగం ప్రాణం మీదికి తెస్తుంది.

వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లల్లో సుమారు ఐదింట ఒక వంతు మందికి పెద్దయ్యేకొద్దీ అది తగ్గిపోతుంది. తగ్గిందో లేదో చర్మ పరీక్ష, రక్త పరీక్షలతో అంచనా వేసి, అవసరమైతే ఆసుపత్రిలో వైద్యుల ఎదుట తినిపించి నిర్ధారిస్తారు. అప్పటివరకు ప్యాకెట్‌ చదవనిదే చాక్లెట్‌ విప్పరాదు.