కోనేటి మట్టం – చేపల తొట్టె సంపు

ఈ ప్రత్యేక సంచికకు నంద్యాల ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాయమని మన సంఘ కార్యదర్శి గారు కోరినారు. నవనందుల గురించీ, నంద్యాల పేరు పుట్టుక గురించీ పెద్దలు ఇదివరకే వ్రాసి ఉన్నారు. కనుక నేను నీళ్ళ గురించి వ్రాద్దామనుకొన్నాను. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు మోసినవాడికి అంతకంటే పరిచయమైన విషయం మరొకటి ఉండదు గదా! ఈ వ్యాసం మహానంది కోనేటిలో మొదలై ఆళ్లగడ్డలో ఒక చేపల తొట్టె దగ్గర ఆగుతుంది. పాఠక మిత్రులు కొంచెం ఓపిక పట్టవలసిందిగా మనవి.

మహానంది కోనేటిలో మునగని పింఛనుదారు మన సంఘంలో ఉండడు. నల్లమల పాదాన, గర్భాలయంలో లింగం క్రింద నుండి ఊరే నీరు లోపలి కోనేటికి వచ్చి, అక్కడ నుండి వెలుపలి గుండాలకు, ఆ పైన పొలాలకు పోతుంది. కోనేటిలో నీరు అయిదడుగులు. అడుగున పడిన నాణెం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ నీటితో చుట్టుపట్ల సుమారు 2000 ఎకరాలు పండుతాయని వాడుక. అక్కడి అరటి తోటలు చూసినవారికి ఆ మాట అతిశయోక్తి అనిపించదు.

మట్టం మారకపోవడాన్ని స్వామి మహిమగానే చెప్పుకుంటాము. మహిమను కాదనడానికి నేనెవరిని? కానీ ఊట నల్లమల దయ అయితే, మట్టం పనివాని పుణ్యం. వచ్చే నీటిని పట్టి మట్టం నిలబెట్టడం ఎవరివల్లా కాదు. వానలు పడిన ఏడు ఒక తీరుగా, ఎండిన ఏడు ఒక తీరుగా వస్తుంది. మట్టాన్ని నిలిపేది వెళ్ళే దారి. ఆ దారి ఏ ఎత్తున ఉంటే నీరు ఆ ఎత్తుకు వచ్చి ఆగుతుంది. ఆ దారి వచ్చే నీటికంటే ఎక్కువ నీటిని పంపగలిగినదై ఉంటే, ఎక్కువ వచ్చినప్పుడు ఎక్కువ పోతుంది, తక్కువ వచ్చినప్పుడు తక్కువ పోతుంది. ఆలయ విమానం బాదామి చాళుక్యుల నాటి శైలి అని చరిత్రకారులు చెబుతారు. తరువాతి రాజులు చేర్పులు చేసినారు. రాజుల పేర్లు మనకు తెలుసు. నీరు వెళ్ళే రాతిని ఎంత ఎత్తున పెట్టాలో తేల్చిన మనిషి పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

మన రాయలసీమలో ఆ వెళ్ళే దారికి మంచి మాట ఉంది. మరువ. చెరువు నిండితే "మరువ పారింది" అంటాము. తూము మనకు కావలసిన నీళ్ళు ఇస్తుంది, మరువ కట్టను కాపాడుతుంది. తూము చెడితే ఒక కారు పంట పోతుంది, మరువ చాలకపోతే ఊరే పోతుంది.

ఈ సంగతి మన పెద్దలు రాతి మీద చెక్కించి పెట్టినారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉన్నది. చెరువు కట్టించినది విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు. దినానికి వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు పట్టినదని లెక్క కూడా అందులో ఉన్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వరుసగా చెప్పినారు. ఆ దోషాలలో రెండు నాకు బాగా గుర్తుండిపోయినవి. నీరు తక్కువై తడపవలసిన నేల ఎక్కువ కావడం ఒకటి, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం ఇంకొకటి. మా ఆఫీసులో ఇంజనీరు గార్లు పేజీలకొద్దీ వ్రాసే అంచనాలన్నీ చివరకు ఆ రెండు వాక్యాలలోకి వస్తాయి.

ఇక గాజు తొట్టె కథ. చేపలను గాజులో పెట్టి జనానికి చూపించడం 1853లో లండను జంతుశాలలో మొదలైనది. మరుసటి ఏడు గాస్ అనే ఆయన పుస్తకంతో అక్వేరియం అన్న పేరు స్థిరపడినది. మొదట్లో నీరు కదలక, మురిగి, చేపలు చచ్చేవి. దానికి ఉపాయం చేసినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. ఈయన 1864లో హాంబర్గులోను, 1871లో లండను క్రిస్టల్ ప్యాలెస్‌లోను కట్టిన అక్వేరియాలలో, పైన కనిపించే తొట్టెలు కాక పెద్ద చీకటి తొట్టెను నేల క్రింద పెట్టినాడు. పై తొట్టె నుండి పొర్లిన నీరు క్రిందికి దిగుతుంది, పంపు దానిని మళ్ళీ పైకి ఎక్కిస్తుంది. నీరు ఎంత ఎక్కువ ఉంటే దాని వేడి, శుభ్రత అంత నిలకడగా ఉంటాయి. 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచేనాటికి మన కర్నూలు జిల్లా కూడా ఆ రాజధానిలోనిదే. నేలలోపలి ఆ తొట్టె పేరు మనకు కొత్త కాదు. సంపు! మున్సిపల్ కొళాయి నీళ్ళు పట్టి, మోటారుతో మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించేది మనందరి ఇళ్ళలో ఉన్నదే.

ఆళ్లగడ్డలో మా అమ్మాయి ఇంట్లో మనవడు చేపల తొట్టె కావాలన్నాడు. అల్లుడు గారు సంపు పెట్టి చేయిస్తామన్నారు. మా అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. అందుకు కారణం ఉన్నది. మాకు తెలిసిన ఒక పింఛను మిత్రుని ఇంట్లో అర్ధరాత్రి కరెంటు పోయి, తొట్టె నీరంతా క్రిందికి దిగి, సంపు పొంగి, ప్రక్క బీరువా అడుగు అరలోకి చేరినది. సర్వీసు రిజిస్టరు నకళ్ళు, పింఛను పేమెంటు ఆర్డరు అన్నీ ఆ అరలోనే ఉండినవి. సిరా కరిగిన ఆ కాగితాలకు బదులు కాగితాలు తెచ్చుకోవడానికి, మోకాళ్ళ నొప్పులతో ఆయన ఎన్ని మెట్లు ఎక్కి దిగినాడో నేను చూసినాను. మనవడు కూడా తెలివైన ప్రశ్నే వేసినాడు: "తాతా, కరెంటు పోతే పైనున్న నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

సంపు లెక్క అంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది. తొట్టె నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర నీరు. అంటే తొమ్మిది ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. సంపు రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు. మోటారు నడిచేటప్పుడు అందులో ఏడు అంగుళాల నీరు. మిగిలిన ఎనిమిది అంగుళాల ఖాళీలో 47 లీటర్లు పడుతుంది.

మోటారు నీటిని పైకి తెచ్చే పైపు మూతి, తొట్టెలో ఆరంగుళాల లోతున మునిగి ఉన్నదనుకోండి. కరెంటు పోగానే, పీపాలోని కిరసనాయిలు రబ్బరు గొట్టంతో దిగినట్లు, నీరు అదే పైపులో వెనక్కు దిగుతుంది. పైపు మూతి గాలిలోకి తేలేదాకా ఆగదు. ఆరంగుళాల నీరంటే మూడు ఘనపుటడుగులు, 85 లీటర్లు. 47 పట్టే చోట 85! మిగిలినది బీరువాలోకి. నీరు ఎక్కువ, నేల తక్కువ అని పోరుమామిళ్ల శాసనం చెప్పిన దోషమే ఇది.

మందు చాలా చిన్నది. ఆ పైపుకు నీటి మట్టానికి అంగుళం లోపల చిన్న రంధ్రం వేయాలి. మట్టం అంగుళం దిగగానే రంధ్రం నుండి గాలి దూరి ధార తెగిపోతుంది. దిగేది అర ఘనపుటడుగు, 14 లీటర్లు. సంపులో మట్టం రెండున్నర అంగుళాలు కూడా లేవదు. పైపులలో నిలిచిన నీటికి ఇంకొంత కలుపుకొన్నా భయం లేదు. నాచు ఆ రంధ్రాన్ని మూసివేస్తుంది గనుక, వారానికొకసారి పుల్లతో పొడవాలి. ఈ పని మనవడికి అప్పజెప్పినాము.

ఎక్కే పైపు అంగుళం, దిగే పైపు అంగుళంన్నర పెట్టించినాము. వైశాల్యంలో రెండింతలకు పైగా తేడా. అదే మన మరువ. అదికాక అంగుళం ఎత్తున ఇంకొక దిగే పైపు ఖాళీగా ఉంచినాము. మొదటిదానికి ఆకో, చచ్చిన చేపో అడ్డం పడితే రెండవది ఆదుకొంటుంది. "పనిలేని పైపుకు డబ్బులెందుకు సార్?" అని ప్లంబరు అడిగినాడు. అన్ని మరువలూ పదేళ్ళకొకసారి పని చేసేవే అని చెప్పినాను. దిగే పైపు గుటగుట శబ్దం చేస్తే నిద్ర పట్టదు గనుక, పై కొసన టీ బిగించి గాలికి దారి వదిలినారు.

సంపులో స్పాంజి, గులకరాళ్ళు వేసినాము. చేపల మలినం నుండి పుట్టే అమ్మోనియాను, వాటికి పట్టిన సూక్ష్మజీవులు ముందు నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. ఆ జీవులు తగినంత పెరగడానికి నెల, నెలన్నర పడుతుంది. అందాకా రెండు మూడు చేపలకు మించి వేయరాదు. కొళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. బకెట్లలో పట్టి మూత లేకుండా ఒక దినం ఉంచాలి, లేదా దానికి అమ్మే మందు వాడాలి. క్లోరిన్ చేపలనూ ఆ జీవులనూ కూడా చంపుతుంది.

చేపలు తేకముందు, పట్టపగలు, అందరమూ చూస్తుండగా అమ్మాయి చేత మోటారు స్విచ్చి తీయించినాము. నీరు సంపులోకి దిగి, రంధ్రం దగ్గర బుస్సుమని గాలి పీల్చి ఆగినది. పై అంచుకు ఇంకా అయిదు అంగుళాల ఖాళీ ఉన్నది. మళ్ళీ స్విచ్చి వేసి, మట్టం ఏడు అంగుళాలకు వచ్చి నిలబడినాక, గాజు మీద ఎర్ర పెయింటుతో గీత గీయించినాము. మోటారు నడుస్తుండగా ఆ గీతకు పైన ఎవరూ నీళ్ళు పోయరాదని ఇంట్లో నిబంధన. బీరువాను మాత్రం అమ్మాయి ప్రక్క గదిలోకి మార్పించింది.