మెట్ట సేద్యమును – కరువు సాయమును

కలిగిరి ప్రాంతపు చరిత్ర యనగానే ఉదయగిరి దుర్గమును, 1514లో దానిని జయించిన శ్రీకృష్ణదేవరాయలను స్మరించుట పరిపాటి. దుర్గముల చరిత్ర వ్రాసినవారు పలువురు కలరు. వాన మొగము చాటువేసిన యేట సర్కారు రైతునకేమిచ్చెను, ఏ రైతునకిచ్చెను అను చరిత్ర మాత్రము చిఠ్ఠా అడంగళ్ళలోనే ముడుచుకొని యున్నది. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో దానికిని కొంత చోటుండుట న్యాయము.

కరువు వచ్చినపుడు రాజు విత్తనములను, అన్నమును ఇచ్చి ప్రజలను అనుగ్రహింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము నాల్గవ అధికరణమున కలదు. అన్నమునకు ముందు విత్తనమును చెప్పుట గమనింపదగినది. అన్నము ప్రాణమును నిలుపును. విత్తనము సేద్యమును నిలుపును. ఈ భేదమును తరువాతి ప్రభువులు చాలకాలము పాటింపలేదు.

1876–78 నాటి ధాత కరువు ఇందుకు నిదర్శనము. చెన్నపట్టణపు రాజధానిలో ఆ కరువు వాతబడిన జిల్లాలలో నెల్లూరొకటి. నాటి సాయమనగా కూలిపని. 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ దొర మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని కట్టడి చేసెను. పౌనన్నది సుమారు 450 గ్రాములు. దానితో రాళ్ళు కొట్టువాని దేహము నిలువదని ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించెను. కొలదినెలలకు కూలి పెంచక తప్పలేదు. చెన్నపట్టణమున అడయారు, కూవము నదులను కలిపిన కాలువ ఆ కరువుపనియే. మన జిల్లా తీరము వెంబడి పోవు బకింగ్‌హాము కాలువలో అదియొక తునక. పడవలకది మేలు చేసినది గాని మెట్టకు దానివలన ఒరిగినదేమియు లేదు.

ఎద్దులనమ్ముకొని కూలికి పోయినవాడు మరుసటి యేట వాన కురిసినను దున్నలేడు. ఆ లోపమును తీర్చుటకే 1883లో భూమి అభివృద్ధి ఋణముల చట్టమును, 1884లో వ్యవసాయదారుల ఋణముల చట్టమును వచ్చినవి. బావులకు మొదటిది, విత్తనములకు పశువులకు రెండవది. ఇవియే తక్కావులు. వీనిని సాయమనుటకన్న అప్పనుట సత్యము. వడ్డీతో తీర్చవలసినవే గదా!

శిస్తు వజా సంగతి మరియొకటి. చెరువు నిండక మాగాణి ఎండినచో వజా దొరకెడిది. మెట్టకు సామాన్యముగా దొరకెడిది కాదు. మెట్ట శిస్తు నిర్ణయించునపుడే మంచి చెడ్డ యేడుల సగటు చూచితిమని దొరతనమువారి వాదము. మనవంటి మెట్టసీమకు ఇది ఎంత కఠినమో వేరుగా చెప్పనేల? పైగా వజా దక్కునది పట్టాదారునకే. కౌలుకు దున్నినవాని పేరు లెక్కలో లేదు.

1984లో కరణీకములు రద్దయినవి. లెక్క మాత్రము రద్దు కాలేదు. 1990 నుండి విపత్తు సాయమునకు ప్రత్యేక నిధి యేర్పడినది. పంట సగము పోయిననే సాయమను నిబంధనను 2015లో సడలించి నూటికి 33 వంతులు పోయిన చాలుననిరి. 2022 నాటి కేంద్ర ప్రమాణముల ప్రకారము వర్షాధారపు పైరునకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటివసతి గల పైరునకు 17,000 రూపాయలు, రెండు హెక్టార్ల వరకే. అనగా మెట్ట ఎకరమునకు సుమారు 3,440 రూపాయలు. ఇందులో దుక్కికెంత, విత్తనమునకెంత మిగులునో మన చదువరులే లెక్కవేయగలరు. ఏమైనను ఇది అప్పు కాదు. అర్థశాస్త్రము చెప్పిన విత్తనపు అనుగ్రహమునకు కొంత చేరువైనది.

చిక్కంతయు కౌలుదారునిదే. 2011 నాటి చట్టము అతనికి ఋణార్హత పత్రమును, 2019 నాటి చట్టము పదకొండు నెలల సాగు హక్కు పత్రమును కల్పించినవి. రెండవదానికి భూస్వామి సమ్మతి కావలెను. సంతకము చేసిన పొలము చేజారునని భూస్వామి భయము. అడిగిన కౌలే పోవునని కౌలుదారుని భయము. అందుచేత చేను ఎండినది ఒకనికి, సొమ్ము ముట్టినది వేరొకనికి అగుట మన పల్లెలలో వింత కాదు.