మలీదను ఏ పేజీలో రాయాలి?

ముస్లిం ఇల్లంటే నవాబు దస్తర్‌ఖాన్ అనీ, అక్కడ రోజూ బిర్యానీయే అనీ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దూదేకుల ఇంట్లో, రిక్షా తొక్కే సాయిబు ఇంట్లో ఏం ఉడికిందో ఎవరూ అడగలేదు. ఇప్పుడు మా తల్లుల వంటల్ని మేమే కాగితం మీద పెట్టుకోవాలనుకుంటున్నాం. పెన్ను పట్టగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: దేన్ని దేని కింద రాయాలి?

సుల్తానుల వంటలకు పుస్తకాలున్నాయి. మాళవాను ఏలిన గియాస్ షా కోసం మొదలై, 1500లో గద్దెనెక్కిన ఆయన కొడుకు నాసిర్ షా కాలంలో పూర్తయిన 'నిమత్‌నామా' బొమ్మలతో సహా లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. అక్బర్ కొలువులో అబుల్ ఫజల్ రాసిన 'ఆయినె అక్బరీ' వంటల్ని మూడు తరగతులు చేసింది. మాంసం లేనివి, మాంసమూ బియ్యమూ కలిసినవి, మాంసమూ మసాలాలూ కలిసినవి. కొలతలు కూడా ఇచ్చింది. జర్ద్ బిరింజ్ అనే తీపన్నానికి 10 సేర్ల బియ్యం, 5 సేర్ల కలకండ, మూడున్నర సేర్ల నెయ్యి! మా ఇళ్లలో బెల్లం వేసి వండుకున్న తీపన్నం ఆ లెక్కల్లోకి రాదు.

ఆ మూడు అరల్లో సర్దబోతే మా చరిత్ర బయటే మిగిలిపోతుంది. మలీదనే తీసుకోండి. రొట్టెను నలిపి బెల్లం కలిపిన ముద్ద. తెలంగాణ పల్లెల్లో పీర్లకు ఇచ్చేది ఇదే, బతుకమ్మ దగ్గర ఆడవాళ్లు పంచుకునేదీ ఇదే. దీన్ని 'తీపి వంటలు' అని రాసి వదిలేస్తే అదొక చిరుతిండి. 'పీర్లకు, బతుకమ్మకు' అని రాస్తే ఊరంతా ఆ పేజీలోకి వస్తుంది. మమ్మల్ని పరాయివాళ్లనే వాళ్లకు జవాబు కూడా అక్కడే ఉంది.

అందుకే సందర్భాన్ని బట్టి రాసుకోవాలి. సహరీకి, ఇఫ్తార్‌కు, ఈద్‌కు, ఫాతెహాకు, కందూరుకు, బాలింతకు, చేతిలో పైసా లేని రోజుకు. ఆ చివరి భాగానికే ఎక్కువ పేజీలు పడతాయి. ఖట్టీ దాల్, బోటి కూర, నాలుగు ముక్కలు గంపెడు గోంగూరలో కలిసిపోయిన కూర అక్కడే ఉంటాయి. పెద్దకూరను పెద్దకూర అనే రాయాలి. 2015లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర, ఆవుమాంసం ఉందన్న పుకారుతో మహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లోంచి ఈడ్చి కొట్టి చంపారు. ఇలాంటి కాలంలో తిన్నదాన్ని దాచుకోకుండా రాయడం కూడా అస్తిత్వ పోరాటమే.

ఏ లిపిలో రాయాలి? 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1948 తర్వాత ఇంగ్లీషుకు మారింది. ఉర్దూ మాట్లాడుతూ తెలుగు బడిలో చదివిన పిల్లలు ఎందరో పెరిగారు. దూదేకులకైతే చాలాచోట్ల ఇంటిభాషే తెలుగు. కాబట్టి తెలుగు లిపిలోనే రాద్దాం. కానీ 'బగార్'ను తాలింపుగా మార్చొద్దు, 'దమ్'కు కొత్త మాట పుట్టించొద్దు. అమ్మ నోట్లో ఉన్న మాటే ఉండాలి.

కొలత అడిగితే అమ్మ 'అందాజ్' అంటుంది. ఆ అందాజ్ ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర నిలబడి నేర్చిన చదువు. ఆమె గుప్పెట్లోది కుండలో పడకముందే గిన్నెలో పోయించుకుని తూచుకోవాలి. పక్కన ఆమె పేరు, పుట్టినూరు, ఎవరి దగ్గర నేర్చుకుందో రాయాలి. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఇంట్లో గోధుమలు నానబెట్టి దంచిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వాటిని ప్రభుత్వాలు రాయవు, పండితులూ రాయరు. అమ్మలూ నానమ్మలూ ఉండగానే మేమే అడిగి రాసుకోవాలి.