లైటా, స్ట్రాంగా?

ఇనుప జాలీకి చెయ్యి పట్టేంత సందులు నాలుగు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీంచి రెండు మలుపులు లోపలికి తిరిగితే వచ్చే వైన్స్ ఇది. శనివారం సాయంత్రం ఆరు కావస్తోంది. జాలీ వెనక ఉన్న కుర్రాడికి మన మొహాలు సరిగ్గా ఆనవు, చేతులే కనబడతాయి. ఇప్పుడు అతని ముందు ఐదు చేతులున్నాయి. ఒకదానికి మోచేతి దాకా సిమెంటు. ఒకదానికి స్మార్ట్ వాచీ. ఇంకోదాని మణికట్టుకు ఎర్రదారం, అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకున్న ఏదో నంబరు. కుర్రాడు తలెత్తకుండా అందరినీ అడిగేది ఒకటే: "లైటా, స్ట్రాంగా?"

బ్రాండ్ సంగతి ఆ తర్వాత. ఆ వెంటనే కొనేవాళ్ల వైపు నుంచి ఇంకో ప్రశ్న: "కూలింగుందా?" లేదంటే చాలామంది అప్పటిదాకా అడిగిన పేరు వదిలేసి, చల్లగా ఏదుంటే అది పట్టుకుపోతున్నారు. కళ్ల ముందే ముగ్గురు అలా మార్చుకున్నారు.

తాగే బీరును బట్టి మనిషి ఎలాంటివాడో చెప్పేయొచ్చని హాస్టల్ రోజుల నుంచీ వింటున్నాను. స్ట్రాంగ్ తాగేవాడు మొండివాడట, లైట్ తాగేవాడు నెమ్మదస్తుడట, ఖరీదైన సీసా పట్టుకున్నవాడికి గొప్పలెక్కువట. ఈ రోడ్డు పక్కన పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఆ మాటలో నిజమెంతో చూడాలని ఈ సాయంత్రాన్ని దానికే కేటాయించాను.

ఎర్రదారం చెయ్యి ఒక కుర్రాడిది. వెనక ఇంకో ఇద్దరున్నారు. భుజాన బ్యాగులు, ఒకడి బ్యాగు జిప్పు పూర్తిగా పట్టక కరెంట్ అఫైర్స్ పుస్తకం అంచు బయటికొచ్చింది. కోచింగ్ పిల్లలు. మన దగ్గర చట్టం ప్రకారం ఇరవై ఒకటి నిండాలి. వీళ్లకు నిండినట్టే ఉంది, గడ్డాల్లో అలసట కూడా కనిపిస్తోంది. ముగ్గురూ ఫోన్లు దగ్గర పెట్టుకుని ఎవరెంత వేసుకోవాలో లెక్కేస్తున్నారు. చివరికి రెండు స్ట్రాంగ్. ఎందుకు స్ట్రాంగ్ అని అడిగితే జవాబు ఠక్కున వచ్చింది: "ముగ్గురికి రెండంటే లైట్ సాలదన్నా."

ఇందులో మొండితనం ఎక్కడుంది? సీసా రెండింటిదీ 650 మిల్లీలీటర్లే. లైట్‌లో ఆల్కహాల్ 5 శాతం లోపు, స్ట్రాంగ్‌లో 8 శాతం దాకా. ధరలో తేడా మాత్రం అంత ఉండదు. జేబులో ఉన్నదాన్ని ముగ్గురికీ సరిపెట్టాలనుకున్నవాడు ఎవడైనా వీళ్లు వేసిన లెక్కే వేస్తాడు. దేశంలో అమ్ముడయ్యే బీరులో పెద్ద వాటా స్ట్రాంగ్‌దే. దాన్ని చూసి మనవాళ్ల స్వభావం గురించి రాసేవాళ్లుంటారు. నాకు అందులో కనపడేది మాత్రం ఈ ముగ్గురి ఫోన్లలో ఉన్న బ్యాలెన్స్.

ఇంకో చోట కూడా చూద్దామని దిల్‌సుఖ్‌నగర్లో మెట్రో ఎక్కాను. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీనగర్, లైను అక్కడితో ఆఖరు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా రైలు మొదలైనప్పుడు ఈ పక్క మనుషుల సాయంత్రాలే మారిపోయాయి. కిటికీలోంచి కొత్తపేట పళ్ల మార్కెట్ ఉండిన జాగా కనబడుతుంది. మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయింది. మామిడి పళ్ల సీజన్లో ఈ రోడ్డంతా గడ్డి, పండు కలిసిన వాసన వచ్చేది. రాత్రంతా లారీలు దించిన హమాలీలు తెల్లారి ఎక్కడో నీడ చూసుకుని కూర్చునేవారు. వాళ్లేం తాగేవారో నేనెప్పుడూ గమనించలేదు. ఇప్పుడనిపిస్తోంది, గమనించి ఉండాల్సింది.

ఎల్బీనగర్లో దిగేసరికి చీకటి పడింది. ఫ్లైఓవర్ కింద నుంచి "సూర్యాపేట, కోదాడ, విజయవాడ" అని ఒక అరుపు, "నల్లగొండ, నల్లగొండ" అని ఇంకొకటి. ఆ అరుపులు వినబడేంత దూరంలోనే ఒక వైన్స్, దాని వెనక పర్మిట్ రూమ్. రేకుల కప్పు, ట్యూబ్‌లైట్లు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. నేల మీద బీరు మూతలు తొక్కీ తొక్కీ మట్టిలోకి దిగబడిపోయాయి. మూలన ఒకాయన స్టవ్వు మీద శనగలు తాలింపు వేస్తున్నాడు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పైన నిమ్మకాయ. ఆ ఘాటుకు గుమ్మంలోనే దగ్గొచ్చింది.

పక్క టేబుల్ మీద బడ్వైజర్ సీసా. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు ట్యాగు తియ్యకుండానే కూర్చున్నాడు ఒకాయన. ఆ సీసా చూడగానే ఆ కంపెనీ చేయించిన ఒక పరీక్ష గుర్తొచ్చింది. బడ్వైజర్ తయారుచేసే అన్‌హైజర్ బుష్ కోసం అమెరికాలో రసెల్ ఎకాఫ్, జేమ్స్ ఎమ్‌షాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేశారు. 1975లో ఆ వివరాలు ప్రచురించారు. తాగేవాళ్లను వాళ్లు నాలుగు రకాల స్వభావాలుగా విడదీశారు. నలుగురిలో పైకి రావాలనుకుంటూ, వారాంతాల్లో పెద్ద గుంపులో కూర్చుని తాగే కుర్రవాళ్లు ఒక రకం. ఇంటివాళ్ల కోసం తన కోరికలు వదులుకుని, పని అయ్యాక దగ్గరి స్నేహితులతో ఓ సీసా తాగి, దాన్ని తనకు తాను ఇచ్చుకున్న బహుమతిగా భావించే నడివయసు మనుషులు ఇంకో రకం. మిగతా రెండు రకాలూ ఎక్కువ తాగేవాళ్లవి.

తర్వాత చేసిన పని గొప్పది. బిక్స్, జిమ్, వాజ్, బివ్ అని నాలుగు కొత్త పేర్లు పెట్టి, ఒక్కో స్వభావానికి ఒక్కో ప్రకటన తీశారు. 250 మందికి ఆ ప్రకటనలు చూపించి, నాలుగు బీర్లూ రుచి చూడమన్నారు. తేడా స్పష్టంగా తెలుస్తోందని అందరూ అన్నారు. వాటిలో ఒకటైనా మనిషి తాగడానికి పనికిరాదని ఎక్కువమంది తేల్చేశారు. నాలుగు సీసాల్లోనూ ఉన్నది ఒకే బీరు.

ఈ కథ తెలిసినప్పటి నుంచీ "నా బ్రాండ్" అనే మాట వింటే నాకు ఆ 250 మంది గుర్తొస్తారు. వాళ్లు అబద్ధమాడలేదు. నిజంగానే నాలుకకు తేడా తెలిసింది. ఆ తేడా సీసాలోంచి రాలేదు, తామేమిటో చూపించిన ఆ బొమ్మలోంచి వచ్చింది. అంటే మనిషికీ బీరుకీ సంబంధం ఉంది, కానీ మనం అనుకునే వైపు నుంచి కాదు. స్వభావం వెళ్లి రుచిని ఎంచుకోవడం కాదు. ఎవరో మన స్వభావాన్ని ముందే చదివి, దానికి తగ్గ లేబుల్ అంటించి పంపిస్తారు.

లేబుల్ సంగతి అలా ఉంటే, ఆ సీసా అరలోకి రావడం వెనక ఇంకో సంగతి ఉంది. తెలంగాణలో మద్యమంతా ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషనే కొని డిపోల నుంచి దుకాణాలకు ఇస్తుంది. 2025 జనవరి 8న కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ ఆ కార్పొరేషన్‌కు సరఫరా ఆపేస్తున్నామని ప్రకటించింది. 2019-20 నుంచి మూల ధర పెంచలేదనీ, పాత బకాయిలు రావాలనీ ఆ కంపెనీ మాట. కింగ్‌ఫిషర్ దొరకదన్న వార్తకు ఊరంతా ఉలిక్కిపడింది. జనవరి 20న సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో ప్రభుత్వం 15 శాతం పెంపుకు ఒప్పుకుంది. "పదేళ్లుగా నేనిదే" అని గట్టిగా చెప్పే మనిషి ఇష్టం కూడా ఒక బిల్లు మీద, ఒక లారీ మీద ఆధారపడి ఉందని ఆ పన్నెండు రోజుల్లో తెలిసింది.

శనగల ప్లేటు వచ్చింది. ఓ గుక్క తాగి, ఓ మిరపకాయ ముక్క కొరికాక ఇక ఏ బీరైతేనేం? చల్లదనానికి నాలుక సగం మొద్దుబారింది, మిగతా సగాన్ని కారం తీసుకుంది. బీరులోని చేదు హాప్స్ అనే తీగ పువ్వుది. పువ్వును ఉడికే మాల్టు నీళ్లలో వేసి మరిగిస్తే ఆ చేదు దిగుతుంది. మన లాగర్లలో అది తక్కువే. అయినా చేదు ఇష్టపడటానికీ మనిషి గుణానికీ ముడిపెట్టినవాళ్లున్నారు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం పరిశోధకులిద్దరు 953 మంది అమెరికన్లను ప్రశ్నలడిగి, చేదంటే ఇష్టమున్నవాళ్లలో కఠినత్వం కాస్త ఎక్కువని రాశారు. అది చదివినరోజు నాకు మా అమ్మమ్మ కాకరకాయ పులుసు గుర్తొచ్చి మనసు బాధపడింది. చేదు పిండకుండా వండేది, ఇష్టంగా తినేది. ఆమెకంటే మెత్తని మనిషిని నేను చూడలేదు. నాలుకల్లోనే తేడాలుంటాయి. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొడి గాల్లోకి లేస్తే, పక్కవాడు అబ్బా చేదన్నాడు, ఫాక్స్ నాలుకకు ఏమీ తెలియలేదు. తల్లిదండ్రుల నుంచి వచ్చే తేడా అదని తర్వాత తేలింది. పుట్టుకతో వచ్చిన నాలుకను చూసి మనిషికి మార్కులు వేస్తామా?

నాకు ఎదురుగా కూర్చున్న యువకుడు టేబుల్ మీద బండి తాళంచెవి పెట్టాడు. వాడి సీసా మీద పేరేమిటో నేను చూడలేదు. తాళంచెవినే చూస్తున్నాను. బయట జాతీయ రహదారి, లారీల వరస. తాగినవాడి గురించి తెలుసుకోవాల్సిందంతా ఆ తాళంచెవిలో ఉంది. "బండి ఇక్కడే పెట్టి మెట్రోలో పోరాదు తమ్మీ" అన్నాను. నవ్వాడు. కాసేపటికి ఎవరికో ఫోన్ చేసి "వచ్చి తీస్కపోరా" అన్నాడు. నా మనసు కుదుటపడింది.

అప్పుడొచ్చాడు ఆయన. తెల్ల పంచె, కాలర్ దగ్గర చెమటతో నలుపెక్కిన చొక్కా, చంకలో రెగ్జిన్ సంచి. చేతిలో సీసా లేదు. కౌంటర్ వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి అడిగాడు: "సార్, వీట్లల్ల ఏది మంచిగుంటది?"

ఈ సాయంత్రమంతా ఎవరూ అడగని ప్రశ్న. ఏదైనా ఒకటేనన్నాను. "గట్లంటె ఎట్ల సార్? నాకు బీర్లు తెల్వయి. మా ఊర్ల కల్లే." నకిరేకల్ దగ్గర పల్లె. కొడుకు దిల్‌సుఖ్‌నగర్లో గ్రూప్స్ కోచింగులో ఉన్నాడు. హాస్టల్ డబ్బులు కట్టడానికి పొద్దున వచ్చాడు. బస్సులో ఇంటికి వెళ్లాలి కాబట్టి నెత్తికెక్కకూడదన్నాడు. లైట్ చెప్పాను. తెచ్చుకుని నా పక్కనే కూర్చున్నాడు.

మూత తీశాక సీసా మూతి అరచేత్తో తుడిచాడు. గ్లాసును పక్కకు వాల్చి, నురగ పైకి రాకుండా సన్నగా వంపాడు. ఎవరూ నేర్పలేదు. ముంతలోంచి కల్లు వంపుకునే చేతికి అలవాటైన పని. ఒక గుక్క తీసుకుని, నాలుక మీద నిలిపి చూసి, "సప్పగున్నది" అన్నాడు. తర్వాత కల్లు గురించి చెప్పాడు. చెరువు కట్ట మీది తాటి కల్లు తియ్యన. బండ పక్కన చెట్టుది కాస్త ఒగరు. పోద్దాటిది ఒక రుచి, పండుతాటిది ఇంకో రుచి. ఈతకల్లు చలువ. పొద్దుగాల దించింది తియ్యగుంటది, ఎండెక్కినకొద్దీ పులుస్తది. ఏ చెట్టు ఏ నెలలో ఎట్లుంటదో గౌడన్నకు తెలుసు, తనకూ తెలుసు. చెట్లను మనుషుల్ని తలుచుకున్నట్టే తలుచుకున్నాడు. ఒక చెట్టు మొన్న పిడుగు పడి పోయిందని చెబుతూ గ్లాసు కింద పెట్టాడు.

ఆ మాటలు వింటుంటే నాకు తోచింది ఇదీ. ఆయన ఊళ్లో గుణం కల్లుకుంటుంది, చెట్టుకుంటుంది, వేళకుంటుంది. తాగేవాడి గుణం తెలుసుకోవడానికి ముంతలోకి చూడక్కర్లేదు. పక్కింటివాడే కదా, పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇక్కడ ఒకరికొకరం తెలియని లక్షలమందిమి. సీసాలన్నిటికీ ఒకే రుచి. అందుకే ఒకరి చేతిలో సీసా చూసి ఇంకొకరం మనిషిని ఊహించుకుంటున్నాం. అమెరికా పరిశోధకులు రాసుకున్న ఆ రెండో రకం మనిషి, ఇంటివాళ్ల కోసం తనవి వదులుకున్నవాడు, నా పక్కనే ఉన్నాడు. ఏ బ్రాండూ ఆయన్ని నాకు చూపించలేదు. ఏది మంచిదని ఆయన అడగబట్టి తెలిసింది.

సగం సీసా తాగి, మిగతాది నా వైపు జరిపాడు. వద్దన్నాను. శనగలు వేసే ఆయన్ని పిలిచి ఇచ్చాడు. సోంపు పొట్లం కొనుక్కుని నోట్లో వేసుకుంటుండగా ఫోన్ మోగింది. స్పీకర్ ఆన్‌లో ఉంది, ఎలా ఆపాలో తెలిసినట్టు లేదు.

"నాయినా, యాడున్నవ్?"

ఆయన గ్లాసును చేత్తో మూసి, మెల్లగా లేచి నిలబడ్డాడు. బయట "నల్లగొండ, నల్లగొండ" అరుపు వినబడుతోంది.

"బస్సెక్కిన బిడ్డా. నువ్ తిన్నవా?"